పుస్తకాల శాస్త్రమా, పిల్లల చదువా: స్కూల్ లైబ్రేరియన్ కావడానికి ఏ డిగ్రీ?

మూడో తరగతి లైబ్రరీ పీరియడ్. నలభై మంది పిల్లలు, నలభై నిమిషాలు. ఒక పాప టేబుల్ దగ్గరికొచ్చి "మొన్న తీసుకున్నది కాదు, అలాంటిదే ఇంకోటి కావాలి" అంటుంది. పుస్తకం పేరు గుర్తు లేదు, రాసినవాళ్ల పేరు అసలే తెలియదు. "అందులో ఏనుగు ఉంటుంది, అది అడవి వదిలి వెళ్లిపోతుంది" అని మాత్రం చెబుతుంది. వెనక ఇద్దరు అబ్బాయిలు ఒకే డైనోసార్ల పుస్తకాన్ని చెరోవైపు లాగుతున్నారు. మూల బెంచీలో ఒకడు పావుగంటగా ఒకే పేజీ తెరుచుకుని కూర్చున్నాడు. వాడు చదువుతున్నాడో, చదవలేక దాచుకుంటున్నాడో దూరం నుంచి చూస్తే తెలియదు.

ఇంత చిన్న సమయంలో లైబ్రేరియన్‌కి ఎన్ని తెలిసి ఉండాలో చూడండి. ఏనుగు కథ ఏ అరలో ఉందో వెతికి తీయడం కేటలాగు పని. అది గ్రంథాలయ శాస్త్రంలో నేర్పుతారు. డైనోసార్ల గొడవ తీర్చి మిగతా పిల్లల్ని కుదురుగా ఉంచడం క్లాసు నడపడం. అది టీచర్ ట్రైనింగ్‌లో నేర్పుతారు. 'అలాంటిదే ఇంకోటి' చేతిలో పెట్టాలంటే మాత్రం పిల్లల పుస్తకాలు వందలకొద్దీ స్వయంగా చదివి ఉండాలి. మూల బెంచీ పిల్లవాణ్ణి గుర్తుపట్టాలంటే చదవడంలో వచ్చే ఇబ్బందుల గురించి కొంతైనా తెలిసి ఉండాలి. ఈ రెండూ చాలా కోర్సుల్లో ఉండవు. ఉన్నచోట కూడా ఎంచుకుంటేనే వచ్చే పేపర్లుగా ఉంటాయి.

అందుకే 'స్కూల్ లైబ్రేరియన్ కావాలంటే ఏ డిగ్రీ చేయాలి?' అని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో జవాబు రాదు. నిజానికి అందులో రెండు ప్రశ్నలున్నాయి. ఏ సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగానికి అర్హత వస్తుంది? ఏం చదివితే ఆ పని చేయడం వస్తుంది? మొదటిది నిబంధనల వ్యవహారం, దేశాన్ని బట్టి, ఒక్కోసారి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. రెండోది పిల్లల వ్యవహారం, అది ఎక్కడైనా ఒకటే. ఈ రెండింటినీ కలిపి చూసుకోవడం వల్లే చాలామంది తప్పు కోర్సులో చేరతారు, లేదా సరైన కోర్సులోనే చేరి అందులో తమకు పనికొచ్చే సగాన్ని వదిలేస్తారు. విడదీసి చూద్దాం.

ముందు ఈ చిక్కు ఎక్కడ మొదలైందో చెప్పాలి. అమెరికన్ లైబ్రేరియన్ మెల్విల్ డ్యూయీ 1887లో న్యూయార్క్‌లోని కొలంబియా కాలేజీలో గ్రంథాలయ విద్యకి మొట్టమొదటి స్కూలు తెరిచాడు. మొదటి బ్యాచ్‌లో 20 మంది చేరితే వాళ్లలో 17 మంది మహిళలే. పెద్ద గ్రంథాలయాలు నడపడానికి మనుషులు కావాలి, వాళ్లని తయారుచేయాలి అన్నది అప్పటి అవసరం. పుస్తకాలు కొనడం, నమోదు చేయడం, వర్గీకరించడం, అడిగినవాళ్లకి వెతికి ఇవ్వడం నేర్పారు. టీచర్లని తయారుచేసే కాలేజీలు అప్పటికే వేరుగా ఉన్నాయి. అలా రెండు చదువులూ వేర్వేరు శాఖల్లో, వేర్వేరు నియంత్రణ సంస్థల కింద పెరిగాయి. రెండింటి మధ్యలో ఉన్న స్కూల్ లైబ్రరీ ఏ శాఖకీ పూర్తిగా తన బిడ్డ కాలేకపోయింది.

ఇక్కడ ఒక మాట గుర్తుచేయాలి. భారతీయ గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ మొదట లెక్కల మాస్టారు. టీచర్ ట్రైనింగ్ డిగ్రీ అయిన ఎల్.టి. కూడా చేశారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి లైబ్రేరియన్ అయ్యాకే లండన్ వెళ్లి ఆ విద్య నేర్చుకున్నారు. 1931లో ఆయన ప్రకటించిన అయిదు సూత్రాల్లో 'ప్రతి పాఠకుడికీ తన పుస్తకం', 'ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు' అన్నవి రెండు. ఈ రెండు మాటల్లోనూ నాకు క్లాసులో పిల్లల ముఖాలు చూసిన మనిషి కనిపిస్తాడు. ఆ రోజుల్లో ఆయనలో కలిసిన రెండు చదువులు ఆ తర్వాత మన యూనివర్సిటీల్లో మళ్లీ విడిపోయాయి.

ఒక్కో దేశం ఒక్కో తీరు

ఆస్ట్రేలియాలో టీచర్ లైబ్రేరియన్ అంటారు. అక్కడి వృత్తి సంఘాల నిర్వచనం ప్రకారం ఆ మనిషికి రెండు అర్హతలూ ఉండాలి: గుర్తింపు ఉన్న టీచింగ్ అర్హత, గుర్తింపు ఉన్న లైబ్రరీ అర్హత. అందుకే అక్కడ చార్ల్స్ స్టర్ట్ యూనివర్సిటీ ఇచ్చే డిగ్రీ పేరే మాస్టర్ ఆఫ్ ఎడ్యుకేషన్, అందులో టీచర్ లైబ్రేరియన్‌షిప్ ప్రత్యేకాంశం. టీచర్లు ఉద్యోగం చేసుకుంటూ దాన్ని చదువుతారు.

ఫ్రాన్స్ ఇంకో అడుగు ముందుకేసింది. 1989లో హైస్కూలు స్థాయి టీచర్ల పోటీ పరీక్షల్లో డాక్యుమెంటేషన్‌ని ఒక సబ్జెక్టుగా పెట్టారు. లెక్కల టీచరు ఎలా పరీక్ష రాసి వస్తారో, లైబ్రరీ చూసుకునే టీచరూ అలాగే వస్తారు. హోదా ఉపాధ్యాయులదే. ఇంగ్లండులో దీనికి పూర్తి భిన్నం. స్కూల్లో లైబ్రరీ ఉండాలని అక్కడ చట్టమే లేదు, కాబట్టి లైబ్రేరియన్‌కి ఫలానా డిగ్రీ ఉండాలన్న రూలు కూడా లేదు. జైల్లో లైబ్రరీ ఉండాలని మాత్రం నిబంధన ఉంది. ఏ స్కూలుకి ఆ స్కూలు ప్రకటన ఇచ్చుకుంటుంది, అందులో ఏం అడిగితే అదే అర్హత.

అమెరికా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అక్కడ చదవాలనుకునే మనవాళ్లు ఎక్కువ, పొరపాట్లూ ఎక్కువే. అమెరికాలో లైబ్రేరియన్ వృత్తికి ప్రవేశ ద్వారం మాస్టర్స్ డిగ్రీ. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గుర్తింపు ఇచ్చేది మాస్టర్స్ కోర్సులకే, బ్యాచిలర్స్‌కి కాదు. కాబట్టి ఇంటర్ తర్వాత నేరుగా 'లైబ్రరీ డిగ్రీ' కోసం అక్కడ వెతకడం వల్ల పెద్దగా ప్రయోజనం లేదు. ముందు ఏదో ఒక సబ్జెక్టులో డిగ్రీ, తర్వాత మాస్టర్స్. ఇంతవరకూ తేలికే.

అసలు పేచీ లైసెన్సు దగ్గర వస్తుంది. ప్రభుత్వ స్కూల్లో పనిచేయాలంటే ఆ రాష్ట్రం ఇచ్చే సర్టిఫికేషన్ కావాలి, ఏ రాష్ట్రం నిబంధన ఆ రాష్ట్రానిది. టెక్సాస్‌లో మాస్టర్స్ డిగ్రీ, రెండేళ్లు క్లాసులో పాఠం చెప్పిన అనుభవం, ఆమోదం పొందిన శిక్షణ, ఆపైన పరీక్ష అడుగుతారు. కాలిఫోర్నియాలో ముందు టీచింగ్ క్రెడెన్షియల్, అంటే పాఠం చెప్పడానికి రాష్ట్రం ఇచ్చే అర్హత పత్రం, చేతిలో ఉండాలి. దాని మీద టీచర్ లైబ్రేరియన్ శిక్షణ పూర్తిచేస్తే ఇంకో క్రెడెన్షియల్ ఇస్తారు. కొన్ని రాష్ట్రాలు టీచర్ లైసెన్సుల కోసం పెట్టే ప్రాక్సిస్ పరీక్షల్లో ఉన్న స్కూల్ లైబ్రేరియన్ పేపరు రాయమంటాయి. అంటే, ఎంత పేరున్న యూనివర్సిటీలో లైబ్రరీ మాస్టర్స్ చేసినా, అందులో స్కూల్ లైబ్రేరియన్ విభాగం తీసుకోకపోతే, ఆ విభాగం మీరు ఉద్యోగం చేయాలనుకునే రాష్ట్రానికి సరిపోకపోతే, స్కూలు తలుపు తెరుచుకోదు. పబ్లిక్ లైబ్రరీలోనో కాలేజీ లైబ్రరీలోనో ఉద్యోగం దొరకొచ్చు, స్కూల్లో మాత్రం కాదు. ఆన్‌లైన్ కోర్సుల్లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. యూనివర్సిటీ ఒక రాష్ట్రంలో ఉంటుంది, చదివే మనిషి ఇంకో రాష్ట్రంలో ఉంటారు. ఈ కోర్సు మా రాష్ట్ర లైసెన్సుకి పనికొస్తుందా అని చేరకముందే అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోవాలి. ఫోన్లో చెప్పిన మాట నమ్ముకోవద్దు.

అక్కడే ఇంకో సందేహం కూడా వస్తుంది. స్కూల్ లైబ్రేరియన్ మాస్టర్స్ కొన్నిచోట్ల లైబ్రరీ శాఖలో ఉంటుంది, కొన్నిచోట్ల ఎడ్యుకేషన్ శాఖలో ఉంటుంది. ఏది మేలు? స్కూల్ లైబ్రేరియన్ల జాతీయ సంఘం రెండు దారులనీ ఒప్పుకుంటుంది: లైబ్రరీ అసోసియేషన్ గుర్తింపు ఉన్న మాస్టర్స్ అయినా సరే, టీచర్ విద్యకి గుర్తింపు ఉన్న సంస్థలో తమ ఆమోదం పొందిన స్కూల్ లైబ్రరీ మాస్టర్స్ అయినా సరే. తేడా తర్వాత కనిపిస్తుంది. ఎప్పటికైనా స్కూలు వదిలి పబ్లిక్ లైబ్రరీకో యూనివర్సిటీ లైబ్రరీకో వెళ్లే ఆలోచన ఉంటే మొదటి దారి చేయూతనిస్తుంది, ఎందుకంటే ఆ ప్రకటనల్లో ఎక్కువగా అడిగేది ఆ గుర్తింపునే. జీవితాంతం స్కూల్లోనే ఉంటానని గట్టిగా అనుకునేవాళ్లకి రెండో దారి చాలు. ఇరవై రెండేళ్ల వయసులో అంత గట్టిగా అనుకోవడం కష్టం కాబట్టి నేనైతే మొదటిదాని వైపే మొగ్గుతాను.

భారతదేశంలో

ఇక్కడ దారి పొట్టిది. ఏదైనా డిగ్రీ పూర్తిచేశాక ఒక ఏడాది బి.ఎల్.ఐ.ఎస్సీ. (బ్యాచిలర్ ఆఫ్ లైబ్రరీ అండ్ ఇన్ఫర్మేషన్ సైన్స్), అందరూ పిలిచే పేరు బి.లిబ్. ఆ తర్వాత ఇంకో ఏడాది ఎం.లిబ్., అంటే అందులోనే మాస్టర్స్. కొన్ని యూనివర్సిటీలు రెండూ కలిపి రెండేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎం.లిబ్.గా ఇస్తున్నాయి. బి.లిబ్.ఎస్సీ., బి.ఎల్.ఐ.ఎస్., బి.ఎల్.ఐ.ఎస్సీ. అని ఒక్కో యూనివర్సిటీ ఒక్కోలా రాస్తుంది, సారం ఒకటే. ఆ పేర్లు చూసి టెన్షన్ పడక్కర్లేదు.

కేంద్రీయ విద్యాలయాల లైబ్రేరియన్ నోటిఫికేషన్ తీసి చూడండి. లైబ్రరీ సైన్సులో బ్యాచిలర్స్ డిగ్రీ, లేదా ఏదైనా డిగ్రీతో పాటు లైబ్రరీ సైన్సులో ఒక ఏడాది డిప్లొమా అడుగుతారు. హిందీ, ఇంగ్లిష్‌లలో పని నడిపే పరిజ్ఞానం ఉండాలంటారు. నవోదయ విద్యాలయాలు కూడా దాదాపు ఇవే అడుగుతాయి. బి.ఎడ్. అడగరు. కాలేజీ లైబ్రేరియనో, యూనివర్సిటీలో అసిస్టెంట్ లైబ్రేరియనో కావాలంటే మాత్రం లెక్క మారుతుంది. అక్కడ 55 శాతం మార్కులతో ఎం.లిబ్., దాని మీద నెట్ పరీక్ష పాసవడం లేదా పీహెచ్‌డీ కావాలి. కాబట్టి స్కూల్లో పనిచేయడమే లక్ష్యమైతే బి.లిబ్.తో అర్హత వచ్చేసినట్టే. ఎం.లిబ్. తర్వాత దూరవిద్యలో చేసుకోవచ్చు.

ఇంటిగ్రేటెడ్ ఎం.లిబ్. విషయంలో ఒక జాగ్రత్త ఉంది. నోటిఫికేషన్‌లో 'బ్యాచిలర్స్ డిగ్రీ' అని ఉంటే, ఇంటిగ్రేటెడ్ చేసినవాళ్ల చేతిలో విడిగా బి.లిబ్. పట్టా ఉండకపోవచ్చు. మొదటి ఏడాది పూర్తవగానే బి.లిబ్. పట్టా ఇచ్చే యూనివర్సిటీలు ఉన్నాయి, ఇవ్వనివీ ఉన్నాయి. ప్రాస్పెక్టస్‌లో ఈ ఒక్క వాక్యం వెతుక్కోవాలి. దొరక్కపోతే డిపార్ట్‌మెంట్‌కి రాయాలి.

దూరవిద్య మంచిదేనా అని చాలామందికి అనుమానం. ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఎన్నో ఏళ్లుగా బి.లిబ్. నడుపుతున్నాయి. ఆ పట్టాలతో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు ఎంతోమంది. చూసుకోవాల్సింది ఒకటే: ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకి, మీరు చేరే ఏడాదికి యూజీసీ దూరవిద్యా విభాగం గుర్తింపు ఉందా లేదా. జాబితా యూజీసీ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. యూనివర్సిటీకి గుర్తింపు ఉంటే సరిపోదు, కోర్సుకీ ఉండాలి. ఎవరో ఏజెంటు చూపించిన కాగితం కాకుండా స్వయంగా ఆ జాబితా తెరిచి చూసుకోండి.

ఇక మన దగ్గరి అసలు లోటు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి పాఠశాలలో లైబ్రరీ ఉండాలని, అందులో వార్తాపత్రికలు, మ్యాగజైన్లు, కథల పుస్తకాలతో సహా అన్ని విషయాల పుస్తకాలూ ఉండాలని రాశారు. అదే షెడ్యూలులో ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా వందమందికి పైగా పిల్లలున్న బడికి బొమ్మలు నేర్పడానికి, ఆటలు నేర్పడానికి పార్ట్‌టైమ్ వాళ్లు కావాలన్నారు. లైబ్రేరియన్ మాట మాత్రం ఎక్కడా లేదు. లైబ్రరీ ఉండాలి, దాన్ని నడిపే మనిషి గురించి చట్టం మౌనం. పుస్తకాలు బీరువాల్లోకి వెళ్లి తాళం పడటానికి ఇదొక కారణమని నేను గట్టిగా నమ్ముతాను. ఆ బీరువా తాళం ఏదో ఒక టీచరు దగ్గర, బోలెడు ఇతర పనుల మధ్య ఉంటుంది. పుస్తకం పోతే లెక్క చెప్పాల్సింది తనే కాబట్టి ఆ టీచరు తాళం తీయడానికి భయపడతారు. ఆ భయాన్ని తప్పుపట్టలేం.

ఈ లోటు కోర్సు ఎంపికకి కూడా సంబంధించిందే. ఉద్యోగాలిచ్చేవాళ్లు బడి లైబ్రేరియన్‌ని విడిగా గుర్తించకపోతే యూనివర్సిటీలు ఆ చదువుని విడిగా నడపవు. అందుకే ఇక్కడ బి.లిబ్. అందరికీ ఒకటే. కంపెనీ లైబ్రరీలో చేరేవాళ్లూ, పరిశోధన సంస్థలో చేరేవాళ్లూ, ప్రాథమిక పాఠశాలలో చేరేవాళ్లూ అవే పేపర్లు రాస్తారు. పట్టా మీద ఎవరికీ తేడా కనిపించదు. తేడా ఏదైనా ఉంటే మనమే తెచ్చుకోవాలి. దానికి సిలబస్ చదవడం రావాలి.

సిలబస్ ఎలా చదవాలి

బి.లిబ్. సిలబస్ ఏదైనా తీసుకోండి. గ్రంథాలయాలూ సమాజం, గ్రంథాలయ నిర్వహణ, వర్గీకరణ సిద్ధాంతం, వర్గీకరణ ప్రాక్టికల్, కేటలాగింగ్ సిద్ధాంతం, కేటలాగింగ్ ప్రాక్టికల్, సమాచార వనరులు, కంప్యూటర్ పరిచయం. ఎక్కడైనా కాస్త అటూ ఇటూగా ఇవే. వీటిలో వర్గీకరణ అంటే చాలామందికి భయం. ప్రాక్టికల్ పరీక్షలో పుస్తకాల పేర్లు ఇస్తారు, వాటికి నంబర్లు కట్టాలి.

ఇది ఎండిపోయిన చదువు అని పక్కన పెట్టేవాళ్లతో నేను ఏకీభవించను. ఒక ఉదాహరణ చూడండి. పుస్తకాలకి విషయాన్ని బట్టి నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో జానపద కథలు 398.2 దగ్గర వస్తాయి. అంటే అవి కథల అరలో కాకుండా సాంఘిక శాస్త్రాల వరసలో, ఆచారాల పక్కన కూర్చుంటాయి. తెలుగు సాహిత్యం 894.827. అది లైబ్రరీ ఇంకో చివరన ఉంటుంది. ఇప్పుడు తెలుగులో రాసిన జానపద కథల పుస్తకం వచ్చింది. ఎక్కడ పెడతారు? సూత్రం ప్రకారం 398.2. కానీ కథలు కావాలని వచ్చిన పిల్లలు ఆ మూలకి ఎప్పుడు వెళ్తారు? సూత్రం తెలిసిన లైబ్రేరియన్ మాత్రమే ధైర్యంగా ఆ పుస్తకాన్ని పిల్లలు వెళ్లే అరకి మార్చి, కేటలాగులో ఆ సంగతి రాసి, పుస్తకం మళ్లీ దొరికేలా చూడగలరు. సూత్రం తెలియనివాళ్లు రెండింటిలో ఒకటి చేస్తారు. గుడ్డిగా నంబరు అతికించి వదిలేస్తారు, లేదా నంబర్లే అక్కర్లేదని రంగుల ప్రకారం సర్దేసి ఆరు నెలల్లో ఏ పుస్తకం ఎక్కడుందో మర్చిపోతారు. మొదట్లో చెప్పిన ఏనుగు కథ పాప ఖాళీ చేతులతో వెళ్లిపోయేది ఇలాంటి చోటే.

కాబట్టి వర్గీకరణ నేర్పే తీరు గురించి అడగండి. పిల్లల పుస్తకాలతో, భారతీయ భాషల పుస్తకాలతో సాధన చేయిస్తారా? ఇంగ్లిష్‌లో ఉన్న పరిశోధన గ్రంథాల పేర్లతోనే సరిపెడతారా? కంప్యూటర్ పేపరులో కోహా లాంటి లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌ని విద్యార్థులు స్వయంగా ఇన్‌స్టాల్ చేసి నాలుగు పుస్తకాలైనా ఎక్కిస్తారా, లేక బోర్డు మీద బొమ్మ గీసి వదిలేస్తారా? కోహా న్యూజిలాండ్‌లో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్, 2000 నుంచి వాడుకలో ఉంది. లైసెన్సు కొనక్కర్లేదు కాబట్టి చిన్న స్కూలు కూడా వాడుకోవచ్చు. అది చేతికి అలవాటైనవాళ్లు స్కూల్లో చేరిన మొదటి నెలలోనే యాక్సెషన్ రిజిస్టరులో (లైబ్రరీకి వచ్చిన పుస్తకాల నమోదు పుస్తకంలో) ఉన్న పుస్తకాలని కేటలాగులోకి ఎక్కించడం మొదలుపెట్టగలరు.

సిలబస్‌లో లేనివి ఏవో కూడా చూడాలి. గ్రంథాలయ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య 2015లో స్కూల్ లైబ్రరీల మార్గదర్శకాలు కొత్తగా వెలువరించింది. స్కూల్ లైబ్రేరియన్‌కి ఉండాల్సిన నైపుణ్యాల్లో బోధన, పాఠ్యప్రణాళిక, పుస్తకాల ఎంపిక, చదివే అలవాటు పెంచడం, పిల్లల సాహిత్యం, చదవడానికి అడ్డొచ్చే వైకల్యాల గురించి అవగాహన, డిజిటల్ నైపుణ్యాలు అన్నీ అందులో ఉన్నాయి. ఆ పట్టికని ఒక పక్కన, మీ సిలబస్‌ని ఇంకో పక్కన పెట్టుకుని టిక్కులు పెట్టండి. టిక్కు పడనివన్నీ మీరు వేరే మార్గంలో నేర్చుకోవాల్సినవి.

అందులో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది పిల్లల సాహిత్యం. అది పేపరుగా ఉన్న కోర్సు దొరికితే దాని కోసం కాస్త దూరమైనా వెళ్లండి. దొరక్కపోతే చదువుకునే ఏడాదంతా వారానికి పది పిల్లల పుస్తకాలు చదివి, ఒక్కోదానికి నాలుగు వరసలు రాసుకోండి. ఏ వయసుకి, ఎంత కష్టం, దేని గురించి, ఇది నచ్చినవాళ్లకి ఇంకేది నచ్చుతుంది. ఏడాదికి అయిదొందలు దాటుతాయి. పిల్లల పుస్తకాలు పల్చగానే ఉంటాయి కాబట్టి అసాధ్యమేమీ కాదు. ఏ యూనివర్సిటీ సర్టిఫికెట్టూ ఈ నోట్‌బుక్‌కి సాటిరాదు. మొదటి రోజు ఉద్యోగంలో అందరికన్నా ముందు అక్కరకొచ్చేది అదే.

ముందు బి.ఎడ్.ఆ, ముందు బి.లిబ్.ఆ

రెండూ చేస్తే మంచిదని సలహా ఇవ్వడం తేలికే, కానీ మన దగ్గర బి.ఎడ్. రెండేళ్లు, బి.లిబ్. ఒక ఏడాది. డిగ్రీ మీద ఇంకో మూడేళ్లంటే అందరి ఇంట్లోనూ కుదరదు. లైబ్రేరియన్ పోస్టుకి బి.ఎడ్. తప్పనిసరి కాని చోట ముందు బి.లిబ్. చేసి ఉద్యోగంలో చేరడమే సబబు. ఇప్పటికే టీచరుగా ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకి క్లాసు నడపడం వచ్చు, పిల్లలు తెలుసు, దూరవిద్యలో బి.లిబ్. చేస్తే స్కూల్ లైబ్రరీకి వాళ్లకన్నా తగినవాళ్లు ఉండరు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడాలనుకునేవాళ్లు మాత్రం టీచింగ్ అర్హత ముందు సంపాదించుకోవాలి. అక్కడ లైబ్రరీ చదువు చాలా చోట్ల దాని మీద కట్టే రెండో అంతస్తు.

మొదటి డిగ్రీలో ఏ సబ్జెక్టులు తీసుకోవాలని కూడా అడుగుతుంటారు. ఏదైనా పర్వాలేదు. సైన్సు చదివిన లైబ్రేరియన్ దగ్గర సైన్సు అర బాగుంటుంది, చరిత్ర చదివినవాళ్ల దగ్గర చరిత్ర అర బాగుంటుంది. భాష మీద ప్రేమ ఉంటే చాలు.

పట్టుకోవాల్సిన ఒక్క ప్రశ్న

ఇన్ని చూశాక కూడా రెండు కోర్సుల మధ్య తేల్చుకోలేకపోతే ప్రాక్టికల్స్ గురించి అడగండి. దాదాపు ప్రతి కోర్సులోనూ ఇంటర్న్‌షిప్ అనో, లైబ్రరీ శిక్షణ అనో కొన్ని వారాలు ఉంటాయి. చాలా డిపార్ట్‌మెంట్లు విద్యార్థుల్ని సొంత యూనివర్సిటీ లైబ్రరీకే పంపుతాయి, ఎందుకంటే అది పక్కనే ఉంటుంది. అక్కడ పెద్దవాళ్లు వస్తారు, తమకి కావాల్సిన పుస్తకం పేరు వాళ్లకి తెలుసు, నిశ్శబ్దంగా తీసుకుని వెళ్తారు. అలాంటి చోట నాలుగు వారాలుంటే ఇష్యూ, రిటర్న్, బైండింగ్ ఫైళ్లు నేర్చుకోవచ్చు. పుస్తకం పేరు తెలియకుండా 'ఏనుగు' అని మాత్రమే చెప్పే పాప అక్కడికి రాదు.

బడికి పంపే కోర్సు దొరికితే మిగతా లోపాలు సర్దుకోవచ్చు. దొరక్కపోతే, శిక్షణ ఎక్కడ చేయాలో ఎంచుకునే వీలు విద్యార్థికే ఇస్తారేమో అడగండి. కొన్ని డిపార్ట్‌మెంట్లు ఒక స్కూలు నుంచి అంగీకార పత్రం తెచ్చుకుంటే ఒప్పుకుంటాయి. ఆ పత్రం సంపాదించడానికి ఒక హెడ్మాస్టరు గదిలోకి వెళ్లి మాట్లాడటం కూడా ఆ ఉద్యోగంలో మీరు రేపు చేయబోయే పనే.

ఫీజు కట్టకముందే ఇంకొకటి చేయండి. తెలిసిన స్కూల్లో అనుమతి తీసుకుని ఒక వారం లైబ్రరీలో కూర్చోండి. ఎవరు ఎన్నిసార్లు వస్తున్నారు, ఏ అర దగ్గర ఆగుతున్నారు, ఏం అడిగి దొరక్క తిరిగి వెళ్తున్నారు, రోజూ రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసి అడగండి: 'పోయినేడాది మీ విద్యార్థులు ప్రాక్టికల్స్‌కి ఏ స్కూళ్లకి వెళ్లారు?' పేర్లు టకటకా చెప్పగలిగిన డిపార్ట్‌మెంట్‌లో చేరండి.